కూలి లెక్క మారాక సరుకు మారింది: ఆదోని దగ్గరి ఒక వేరుశనగ మిల్లు కేస్ స్టడీ

కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక వేరుశనగ మిల్లు నుంచి వెళ్లిన పప్పు లాటు అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) పరీక్షలో ఫెయిలై వెనక్కి వచ్చింది. లారీ ఎక్కించే ముందు మిల్లు చేయించుకున్న పరీక్షలో అదే లాటు పాసైంది. యజమానికి వెంటనే తట్టిన ఆలోచనలు రెండు: ఇంకో కలర్ సార్టర్ (రంగు చూసి చెడ్డ గింజలు వేరు చేసే మిషన్) కొనడం, ఏరేవాళ్లను పెంచడం. రెండూ చేయకుండానే పరిస్థితి చాలావరకు దారికొచ్చింది. ఎందుకంటే ఆ మిల్లులో ఎవరూ పని ఎగ్గొట్టడం లేదు. ఎవరికి ఏ లెక్కన జీతమో, మెప్పో వస్తుందో ఆ లెక్క ప్రకారం అందరూ బాగానే పని చేస్తున్నారు. ఆ లెక్కలే సరుకును చెడగొడుతున్నాయి.

మిల్లు చిన్నదే. కాయలు (ఇక్కడి మాటలో బుడ్డలు) దిగుతాయి; మట్టి, పుల్లలు తీసే ప్రీక్లీనర్, రాళ్లు తీసే మిషన్, కాయ వలిచే డికార్టికేటర్, పొట్టు ఊదే ఫ్యాన్, సైజు జల్లెడలు, చివర ఏరివేత టేబుళ్లు. అక్కడి నుంచి పప్పు 50 కిలోల సంచుల్లోకి వెళ్తుంది. గ్రేడును ఔన్సుకు ఎన్ని గింజలన్న లెక్కన చెబుతారు: 50/60, 60/70 అలా. పర్మనెంట్ సిబ్బంది 11 మంది. ఏరేవాళ్లు 42 మంది, అందరూ ఆడవాళ్లే, 6 టేబుళ్ల మీద కూర్చుంటారు. హమాలీలు వేరే.

మొదట చేసిన పని ఒక కాగితం మీద ప్రతి ఒక్కరి పేరుకు ఎదురుగా "ఈయన బాగా పని చేశాడని దేన్ని చూసి అంటున్నాం?" అని రాయడం. కొనుగోలు గుమాస్తాకు ఎదురుగా "మండీ ధర కంటే ఎంత తక్కువకు కొన్నాడు" అని వచ్చింది. డికార్టికేటర్ ఆపరేటర్‌కు "బద్దలు ఎంత తక్కువ". ఏరేవాళ్లకు "రోజుకు ఎన్ని కిలోలు". క్వాలిటీ చూసే కుర్రాడికి "లారీ ఆలస్యం కాకుండా రిపోర్టు ఇవ్వడం". ఈ నాలుగు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివితే లాటు ఎందుకు తిరిగొచ్చిందో సగం తెలిసిపోతుంది.

ఒక పరీక్షలో పాస్, ఇంకో పరీక్షలో ఫెయిల్ ఎలా?

అఫ్లటాక్సిన్ అన్ని గింజల్లో సమానంగా ఉండదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టిన కొన్ని గింజల్లోనే పోగుపడుతుంది. ఒక్కో గింజలో 10 లక్షల పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఒక పీపీబీ) దాకా ఉన్నట్టు పరిశోధనల్లో నమోదైంది. మన 60/70 గ్రేడు గింజ సుమారు 0.4 గ్రాములు ఉంటుందనుకోండి. అలాంటి గింజ ఒక్కటే 10 కిలోల్లో, అంటే దాదాపు 25,000 గింజల్లో కలిస్తే ఆ 10 కిలోల సగటు 40 పీపీబీ అవుతుంది. నేరుగా తినే వేరుశనగకు ఐరోపా సంఘం పెట్టిన హద్దు మొత్తం అఫ్లటాక్సిన్ 4 పీపీబీ, అందులో బి1 రకం 2 పీపీబీ. ఏరి, శుభ్రం చేశాక వాడే సరుకైతే 15, 8. మన దేశంలో మళ్లీ ప్రాసెస్ చేసే పప్పుకు 15, తినడానికి సిద్ధంగా ఉన్నదానికి 10.

మిల్లు కుర్రాడు శాంపిల్ తీసింది తలుపు దగ్గరున్న సంచిలో నుంచి, ఒక కిలో. 10 కిలోలకు ఒక చెడ్డ గింజ ఉన్న లాటులో ఆ కిలోలోకి ఆ గింజ పడే అవకాశం పదింట ఒకటి. అంటే 40 పీపీబీ లాటు పదిసార్లలో తొమ్మిదిసార్లు మిల్లు పరీక్షలో పాసవుతుంది. ఐరోపా పద్ధతిలో పెద్ద లాటుకు 100 చోట్ల నుంచి కొంచెం కొంచెం తీసి 20 కిలోలు పోగు చేస్తారు, దాన్ని రెండు 10 కిలోల భాగాలుగా చేసి పూర్తిగా పొడి చేశాకే పరీక్షకు తీస్తారు. కుర్రాడి చేతిలో ఉన్న స్ట్రిప్ కిట్టులో లోపమేమీ లేదు. 20 నిమిషాల్లో సరైన జవాబే ఇస్తుంది, కానీ ఆ జవాబు చేతిలో ఉన్న పొడికి మాత్రమే. కాబట్టి చివర్లో చేసే పరీక్ష మీద నమ్మకం పెట్టుకుంటే లాభం లేదు. చెడ్డ గింజ లోపలికి రాకుండా, లోపల పుట్టకుండా, పుట్టినా ఏరివేతలో దొరికేలా చూడాలి. ఆ మూడూ మనుషుల పనే.

గేటు దగ్గర

ఖరీఫ్ కాయ అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తుంది. కాయ ఊరే చివరి రోజుల్లో బెట్ట పడితే పొలంలోనే బూజు మొదలవుతుంది. పీకాక తుపాను వాన పడితే కుప్పలో పెరుగుతుంది. రెండూ మన రాయలసీమలో మామూలే. గుమాస్తా చేతిలో లేని విషయాలివి. తడి కాయను తక్కువ ధరకు కొని "చవగ్గా తెచ్చాను" అనిపించుకోవడం మాత్రం ఆయన చేతిలో పనే.

ఆ చవక ఎంత చవకో లెక్క వేసి ఆయనకే చూపించారు. 12 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయలో పొడి సరుకు 88 కిలోలు. 8 శాతానికి ఆరబెడితే మిగిలేది 88ని 0.92తో భాగిస్తే వచ్చే 95.65 కిలోలు. అంటే క్వింటాలుకు 4.35 కిలోల నీళ్లను కాయ ధరకు కొన్నట్టు. ఆరబెట్టే కూలి, కళ్లం మీద పోయే తరుగు, బూజు వేరే. గుమాస్తా అనుభవమున్న మనిషి. ఈ లెక్క చూశాక వాదించలేదు. కానీ తన లెక్క మారనంతవరకు తాను మారలేనని కూడా చెప్పాడు. న్యాయమైన మాట. అప్పటి నుంచి ఆయన్ను కాయ ధర మీద కాక, 8 శాతానికి దించి లెక్కగట్టిన పొడి పప్పు కిలో ఎంత పడిందన్న దాని మీద చూస్తున్నారు.

దానికి గేటు దగ్గరి పరీక్ష గట్టిగా ఉండాలి. ఎక్కడెక్కడ తప్పుతుందో వివరంగా చెప్పుకోవాల్సిన చోటు ఇదే. సంచి పైభాగం ఎండలో ఆరి ఉంటుంది, నడుమ తడి ఉంటుంది. అందుకని పై పిడికెడు తీయకుండా బొంగు గొట్టంతో సంచి నడుమ నుంచి తీయాలి. లారీలో కనీసం పదో వంతు సంచులు, వాటిలో అడుగు వరసవి తప్పనిసరి. కాయ మీద మీటరు పెడితే పొట్టు తేమ, గింజ తేమ కలిసి తికమక వస్తుంది. వలిచి గింజ తేమే చూడాలి. మీటరులో వేరుశనగ పప్పు సెట్టింగ్ ఉందో లేదో ప్రతి ఉదయం చూడాలి, ఎందుకంటే ముందురోజు ఎవరో కందులకు మార్చి ఉంటారు. ఎండలో కాగిన శాంపిల్‌ను అప్పుడే పెడితే అంకె తప్పు వస్తుంది, నీడలో చల్లారనివ్వాలి. గింజ 7 శాతం మించితే నిల్వకు పనికిరాదు. రైతులు కాయ చెవి దగ్గర పెట్టి ఆడించి గలగల శబ్దం వింటారే, అది చాలా మంచి మొదటి పరీక్ష. దాని తర్వాత మీటరు పెట్టాలి, దాని బదులు కాదు.

అవుట్‌టర్న్‌కు (కాయకు ఎంత పప్పు వస్తుందన్న లెక్కకు) 200 గ్రాముల కాయ చేత్తో వలుస్తారు. 136 గ్రాముల పప్పు వస్తే 68 శాతం. ఇప్పుడు అదే పప్పును తెల్ల పళ్లెంలో పరిచి నల్లబడినవి, బూజువి, ముడతలవి విడిగా తూస్తారు. ఇదివరకు ఆ పని లేదు. లొట్ట కాయలు చూసి వదిలేసేవాళ్లు. ఇందుకు అదనంగా పట్టేది 10 నిమిషాలు. లారీ డ్రైవర్లు మొదటి వారం గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు.

నీళ్ల డ్రమ్ము

డికార్టికేటర్ పక్కన ఒక డ్రమ్ము ఉండేది. బాగా ఆరిన కాయ వలిస్తే గింజ రెండు బద్దలవుతుంది. బద్దల ధర గుండు పప్పు కంటే తక్కువ, ఎక్కువగా నూనెకే పోతుంది. ఆపరేటర్‌ను బద్దల శాతం మీదే లెక్కిస్తున్నారు కాబట్టి ఆయన సాయంత్రం కాయ కుప్ప మీద నీళ్లు చల్లి, పట్ట కప్పి, పొద్దున వలిచేవాడు. చాలా మిల్లుల్లో ఇది పాత అలవాటే.

6 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయ మీద 5 లీటర్లు చల్లితే పొడి సరుకు 94, మొత్తం 105. తేమ పదిన్నర శాతానికి దగ్గర. గేటు దగ్గర అంత కష్టపడి ఆపిన తడిని మిల్లులోనే మళ్లీ పోస్తున్నారన్నమాట. పైగా పట్ట కింద రాత్రంతా వెచ్చగా ఉంటుంది. బూజుకు కావలసింది అదే. కొన్న కాయ మంచిదైనా మిల్లులో చెడే దారి ఇది. తిరిగొచ్చిన లాటు ఈ డ్రమ్ము మీదుగానే వెళ్లిందని పని చిట్టాలు చూస్తే తెలుస్తోంది. దానివల్లే చెడిందని రుజువు చేయడం కుదరదు, అయినా మిగతా అన్నిటికంటే బలమైన అనుమానం ఇదే.

డ్రమ్ము తీసేయమని చెబితే ఆపరేటర్ తీసేస్తాడు. మరుసటి రోజు బద్దలు పెరిగితే తిట్లు తినేదీ ఆయనే. అందుకే ముందు బద్దలకు వేరే మందు వెతికారు. మూడు పనులు చేశారు. కాయను వలిచే ముందే పెద్ద, చిన్న రెండు సైజులుగా జల్లెడ పట్టి, ఒక్కో సైజుకు తగిన కాంకేవ్ జల్లెడ (డికార్టికేటర్ కింద ఉండే వంపు జల్లెడ) వేసి వలవడం మొదటిది. చిన్న కాయకు సరిపోయే సందులో పెద్ద కాయ పడితే గింజ నలుగుతుంది, పెద్దదానికి సరిపోయే సందులో చిన్న కాయ వలవకుండానే దాటిపోతుంది. బీటరు (కాయను కొట్టి వలిచే భాగం) వేగం తగ్గించి, అరిగిన రబ్బర్లు మార్చడం రెండోది. మూడోది హాపర్ (కాయ పోసే తొట్టి) ఎప్పుడూ నిండుగా ఉండేలా చూడటం, సగం ఖాళీగా తిరిగే మిషన్లో దెబ్బ ఎక్కువ పడుతుంది. బద్దలు పూర్తిగా పాత స్థాయికి దిగలేదు. ఆ తేడాను ఆపరేటర్ ఖాతాలో వేయకూడదని యజమాని ఒప్పుకున్నారు. ఈ ఒప్పుకోలు లేకపోతే డ్రమ్ము వారం తిరగకుండా వెనక్కి వచ్చేది.

ఏరివేత టేబుళ్లు

మిల్లులో ఎక్కువమంది ఉన్న చోటు, తక్కువ ఆలోచన పెట్టిన చోటు ఇదే. కిలోల లెక్కన కూలి. కిలోలు ఏరిన మంచి పప్పు మీదే కదా అంటారు. అవును, కానీ ఏరకుండా పక్కకు తోసిన కిలో కూడా అదే కూలి తెస్తుంది. ఒక్కో గింజ తిరగేసి చూసే మనిషికి సాయంత్రానికి కూలి గిట్టదు, చూడకుండా తోసేవాళ్లకు గిడుతుంది. రెండు సీజన్లలో మంచి ఏరివేతగాళ్లే మానేసి వేరే పనికి పోయారు. యజమాని దీన్ని "మనుషులు నిలవడం లేదు" అన్న బాధగానే చూశారు. నిజానికి కూలి పద్ధతే మంచివాళ్లను బయటికి పంపుతోంది.

ముందుగా, ఒక మనిషి నిజంగా ఎంత ఏరగలదో కొలిచారు. 25 కిలోల పప్పు తీసుకుని, అందులో చెడ్డ గింజలు ఎన్నో ముందే తెలిసేలా కలిపి, వేగంగా ఏరేవారు, మధ్యస్థంగా ఏరేవారు, నిదానంగా ఏరేవారు ముగ్గురికి ఇచ్చారు. చెడు మిగులు అనుమతించిన హద్దులోకి వచ్చేదాకా పట్టిన సమయాన్ని లెక్కించారు. ఈ కొలత ప్రతి మిల్లూ తన గ్రేడుకు, తన వెలుతురుకు విడిగా తీసుకోవాలి. పక్క మిల్లు అంకె పనికిరాదు. అంకె చేతికొచ్చాక మనుషుల లెక్క తేలిక. ఉదాహరణకు గంటకు 30 కిలోలు వచ్చిందనుకుందాం. 8 గంటల్లో విరామాలు పోగా 7 గంటల పని, అంటే మనిషికి 210 కిలోలు. రోజుకు 6 టన్నులు ఏరాలంటే 29 మంది కావాలి. ఐదుగురిలో ఒకరు రాని రోజులుంటాయి కాబట్టి రోల్స్‌లో 37 మంది ఉండాలి. ఈ మిల్లు అంతకు ముందు మనుషులను కాదు, టేబుళ్లను లెక్కబెట్టి పెట్టుకుంది.

తర్వాత దినకూలి చేశారు, దాని మీద చిన్న ప్రోత్సాహకం. మొదటి రెండు వారాల్లో రోజువారీ కిలోలు తగ్గాయి. యజమాని వెనక్కి తగ్గబోయారు. అప్పుడు పనికొచ్చింది కూలి మార్పు కాదు, మిషన్ మార్పు: నొక్కు గింజలు, చిన్న గింజలు జల్లెడలోనే పడిపోయేలా ఒక అదనపు జల్లెడ పెట్టడంతో టేబుల్ మీదికి వచ్చే చెత్తే తగ్గింది. మనిషి కన్ను మనిషి మాత్రమే పట్టగలిగినదాని మీద పెట్టాలి. రంగు మారినవి, పొర కింద బూడిద రంగు తిరిగినవి, కొన దగ్గర నల్ల చుక్క ఉన్నవి అలాంటివి.

ప్రోత్సాహకంలో పెద్ద పొరపాటు జరిగింది, దాచకుండా చెప్పుకోవాలి. మొదట ఏరి తీసిన చెడ్డ గింజల బరువు మీద ఇచ్చారు. నాలుగు రోజుల్లో చెడ్డ తట్టలు నిండుగా రావడం మొదలైంది. అందరూ సంతోషించారు. క్వాలిటీ కుర్రాడు ఒక తట్టలోంచి అరకిలో తీసి పరిచి చూస్తే అందులో మంచి గింజ చాలా ఉంది. పొర కొంచెం గీసుకుపోయినా, రంగు కాస్త లేతగా ఉన్నా పక్కన పడేస్తున్నారు. అంతకుముందు చెడు మంచిలో పోతోంది. ఇప్పుడు మంచి చెడులో పోతోంది. అప్పటి నుంచి తనిఖీ రెండు వైపులా: రెండు గంటలకోసారి ప్రతి టేబుల్ మంచి పప్పులోంచి కిలో తీసి చెడ్డవి లెక్కించడం, చెడ్డ తట్టలోంచి అరకిలో తీసి మంచివి తూయడం. ప్రోత్సాహకం రెండు అంకెలూ హద్దులో ఉంటేనే. ఇది మొత్తం టేబుల్‌కు కలిపి ఇచ్చినప్పుడు ఒక వయసు మళ్లిన మనిషిని టేబుల్ నుంచి పంపేయమని మిగతావాళ్లు పట్టుబట్టారు. ఆమె నిదానం, కానీ కింద చెప్పే పళ్లెం పరీక్షలో అందరికంటే ఎక్కువ పట్టింది ఆమే. ఆమెను చివరి టేబుల్ దగ్గర మళ్లీ చూసే పనిలో కూర్చోబెట్టారు. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేదీ ఆమే.

పళ్లెం పరీక్ష గురించి. నీలం రంగు పళ్లెంలో రెండు కిలోల మంచి పప్పు పోస్తారు. అందులో రకరకాల 20 చెడ్డ గింజలు కలుపుతారు. ఒక్కోదాని మీద అల్ట్రావయొలెట్ టార్చి వెలుగులో మాత్రమే కనిపించే చుక్క ఉంటుంది. మనిషి ఏరాక టార్చి వేసి ఎన్ని మిగిలాయో చూస్తారు. ఇది అమ్మే సరుకులో ఎప్పుడూ చేయకూడదు. పళ్లెం పప్పు విడిగా ఉంచి, అయిపోయాక నూనెకు కూడా పంపకుండా పారేస్తారు. నాలుగైదుసార్లు పెట్టాక ఒక విషయం బయటపడింది: మధ్యాహ్నం మూడు తర్వాత అందరి స్కోరూ పడిపోతోంది, చేయి తిరిగినవాళ్లది కూడా. కారణం నిర్లక్ష్యం కాదు. పడమటి కిటికీ ఎండ నేరుగా టేబుల్ మీద పడుతోంది, పైగా భోజనం తర్వాత విరామం లేదు. కిటికీకి తెల్ల గుడ్డ కట్టి, టేబుల్ పైన తెల్ల ట్యూబ్‌లైట్లు దించి, మూడు గంటలకు 15 నిమిషాల టీ విరామం పెట్టారు. 5 గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. చట్టం కోసం కాకపోయినా కంటి కోసం అది కావాలి.

ఐఎస్‌ఓ 9001లో (నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) 7.2 అని సిబ్బంది సామర్థ్యం గురించి ఒక క్లాజు ఉంది. ఈ మిల్లు ఫైల్లో దానికి శిక్షణ రిజిస్టరు, సంతకాలు, ఫొటోలు అన్నీ ఉన్నాయి. పళ్లెం పరీక్షలో తేలిన సామర్థ్యానికి ఆ రిజిస్టరుతో సంబంధం లేదు. ఇప్పుడు రిజిస్టరులో సంతకం పక్కన పళ్లెం స్కోరు రాస్తున్నారు.

ఆపే అధికారం

క్వాలిటీ కుర్రాడు ప్రొడక్షన్ మేనేజరు కింద ఉండేవాడు. లాటు ఆపితే లారీ ఆగేది, తిట్టేది ఆ మేనేజరే. అలాంటి చోట ఎవరైనా తలుపు దగ్గరి సంచిలోంచే శాంపిల్ తీస్తారు. ఇప్పుడు అతను నేరుగా యజమానికి చెబుతాడు. లాటు ఆపాక తిరిగి వదిలే అధికారం యజమానికి ఒక్కరికే, అదీ రాతపూర్వకంగా. శాంపిల్ లాటంతా తిరిగి 100 సంచుల నుంచి. ఇంతకంటే ఎక్కువ చెప్పాల్సింది లేదు. చిన్న మార్పు, కానీ ఇది లేకుండా మిగతావేవీ నిలిచేవి కావు.

మార్పుల తర్వాత తిరిగి శుభ్రం చేయాల్సి వచ్చే సంచులు తగ్గాయి, కొనుగోలుదారు నుంచి తిరిగొచ్చిన లాటు మళ్లీ లేదు. ఏరివేత కూలి ఖర్చు కిలోకు పెరిగింది. తిరిగొచ్చిన ఒక్క లాటు రవాణా, పరీక్ష ఖర్చు, ధర కోత, ఆ కొనుగోలుదారు తర్వాత పెట్టని ఆర్డరు కలిపి చూస్తే ఆ పెరుగుదల చిన్నదే. అయినా యజమాని ఆ రెండింటినీ ప్రతి నెలా పక్కపక్కన రాసుకోవాలి. లేకపోతే మంచి సంవత్సరంలో ఖర్చు మాత్రమే కనిపించి మళ్లీ కిలోల లెక్కకు పోతారు.

తీరనిది వలస. సంక్రాంతి దాటాక ఆదోని, కోసిగి, కౌతాళం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిర్చి కోతకు వెళ్తాయి. అక్కడ కొద్ది వారాల్లో ముద్దగా చేతికి వచ్చే డబ్బుతో ఈ మిల్లు పోటీ పడలేదు. పోటీ పడే ఆలోచన కూడా సరికాదు. మిల్లు చేస్తున్నది వేరు. డిసెంబర్‌లోనే ఎవరు వెళ్తారో అడిగి రాసుకుంటున్నారు. ఊళ్లో ఉండిపోయే బాలింతలకు, బడి పిల్లలున్న తల్లులకు నాలుగు గంటల షిఫ్టు ఇచ్చి వాళ్లను అప్పటికే పళ్లెం మీద తయారు చేస్తున్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఏరగలిగినంతే వలుస్తున్నారు. మిగతాది 8 శాతం లోపు ఆరబెట్టి కాయగానే నిల్వ ఉంచుతున్నారు. కాయలో ఉన్నంతకాలం పొట్టే గింజకు రక్షణ. వలిచి పెట్టిన పప్పు మనుషుల కోసం ఎదురు చూస్తే చెడుతుంది. మార్చి చివర తిరిగొచ్చినవాళ్లు, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నవాళ్లైనా, టేబుల్ దగ్గర కూర్చునే ముందు నీలం పళ్లెం దగ్గర ఒకసారి కూర్చుంటారు. 20లో 18 పట్టినవాళ్లు ఆ రోజే పనిలోకి, మిగతావాళ్లు రెండు రోజులు ఆ పెద్దామె పక్కన.